సొంత కథల శుక్రవారాలు

ఆ రోజుల్లో మా దగ్గర ప్రతి మనిషికీ తన కథ ఒకటి ఉందనీ, దాన్ని పదిమంది ముందు చెప్పి తీరాలనీ ఒక పట్టుదల వచ్చింది. రాష్ట్రం కొత్తగా వచ్చింది. మన మాట, మన బతుకు, మన ముచ్చట అని అందరూ గట్టిగా అనుకుంటున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. మా చిన్నప్పుడు రేడియో నాటకాల్లో మా మాట మాట్లాడేది నౌకరు వేషాలే (వాళ్ళు కూడా రెండు ముక్కలు మాట్లాడి చాయ్ తేవడానికి పోయేవారు), కాబట్టి ఆ ఉబలాటం నాకూ అర్థమవుతుంది. కానీ చెప్పాలన్న ఉబలాటం ఉన్నంత మాత్రాన చెప్పేది నిజమైపోదు, నలభై నిమిషాలు పట్టేంత పెద్దదీ అయిపోదు. ఈ సంగతి మా జిల్లా మొత్తం మీద నాకు ఒక్కదానికే తెలుసని అప్పట్లో నా నమ్మకం. అప్పుడు నాకు యాభై తొమ్మిదేళ్ళు. తెలిసీ తెలియని వయసు.

నేను ముప్ఫై ఆరేళ్ళు సర్కారు బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. రిటైరైన పదకొండో నెలలో పేపర్లో ఒక ప్రకటన కనిపించింది. జిల్లా కేంద్రంలోని విశ్వవిద్యాలయం వాళ్ళు నాటకాల మీద ఏడాది సర్టిఫికెట్ కోర్సు పెడుతున్నారట. అర్హత ఇంటర్. తక్కువలో తక్కువ వయసు పద్దెనిమిది. ఎక్కువలో ఎక్కువ ఎంతో రాయలేదు. కింది హద్దు రాసినవాళ్ళు పై హద్దు రాయకపోవడం ఏమిటి? ఆ రాత్రంతా నాకు అదే మనసులో మెదిలింది. మరునాడు పది గంటల ఐదు నిమిషాలకు వెళ్ళి, పేపర్ ముక్క గుమాస్తా ముందు పెట్టి వేలితో చూపించాను.

"పై వయసు రాసుడు మరిచిన్రు."

"మరువలేదమ్మా. పై వయసు లేదు."

"లేకుంట ఎట్లుంటది? రేపు ఎనభై ఏండ్లాయన వస్తడు, చేర్చుకుంటరా?"

"వస్తే చేర్చుకుంటం. తొమ్మిది సీట్లు పెడితే ఎనిమిది మందే వచ్చిన్రు. ఫోటోలు తెచ్చిన్రా?"

నా సంచిలో ఎప్పుడూ నాలుగు ఫోటోలు ఉంటాయి. పది నలభైకి నేను నాటకాల విద్యార్థిని. తప్పు దిద్దడానికి పోయిన మనిషిని ఫీజు కట్టించుకుని పంపారు.

మిగతా ఎనిమిది మంది వయసులు మొదటి రోజే అడిగి మొత్తం కూడాను. నూట ఎనభై నాలుగు. సగటు ఇరవై మూడు. నేను కలిసేసరికి సగటు ఇరవై ఏడయింది. మా సారుకు ముప్ఫై ఒకటి. ఛాతీ మీదికి దిగిన గడ్డం వల్ల పిల్లలంతా ఆయన్ని గడ్డం సార్ అనేవారు. నేను కూడా అదే అంటాను. మంచివాడే, కానీ ఏ మాటా సూటిగా అనడు. రోజూ పొద్దున్నే మమ్మల్ని చాపల మీద నిలబెట్టి "చెట్లుగా మారండి" అనేవాడు. "ఏ చెట్టు సార్?" అని అడిగితే, "మీ లోపల ఏ చెట్టుందో అది" అనేవాడు. నా లోపల ఏ చెట్టూ లేదు. నేను నిలబడి అటెండెన్స్ లెక్కపెట్టేదాన్ని. ఒకసారి నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మేడం, మీ గాయం ఎక్కడుందో వెతకండి" అన్నాడు. "ఎడమ మోకాలికి సార్, బస్సు దిగుతుంటే తగిలింది" అన్నాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

రెండో టర్ములో ఆ గాయాలన్నీ బయటపడ్డాయి. సొంత కథల నాటకాలని ఒక వరుస పెట్టారు. తొమ్మిది శుక్రవారాలు, తొమ్మిది మంది, ఒక్కొక్కరికి నలభై నిమిషాలు. వేరేవాళ్ళు రాసిన నాటకం పనికిరాదు, ఎవరి బతుకు వాళ్ళే రాసుకుని వాళ్ళే ఆడాలి. సాయంత్రం నాలుగింటికి సెమినార్ హాలులో మొదలు. అయిపోయాక అందరం గుండ్రంగా కూర్చుని "ముచ్చట" చెయ్యాలి. వరుసగా రెండు శుక్రవారాలు రానివాళ్ళ పేరు కొట్టేస్తారు, సర్టిఫికెట్ రాదు. ఈ చివరి నియమం ఒక్కటే ఆ మొత్తం ఏర్పాటులో నాకు నచ్చింది.

మొదటి శుక్రవారం ఒక పిల్లవాడు గోనెసంచి కప్పుకుని, లాంతరు పట్టుకుని వచ్చి, చదువుకోవడానికి తను పడిన కష్టాలు చెప్పాడు. రెండో శుక్రవారం ఇంకొకడు లాంతరు పట్టుకుని వచ్చి బిందెడు నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు (ఎందుకో ఇప్పటికీ తెలియదు, నీళ్ళు మాత్రం మొదటి వరుస దాకా వచ్చాయి). మూడో శుక్రవారం ఒక అమ్మాయి లాంతరు ముందు కూర్చుని పదకొండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. గడియారం నా చేతిలోనే ఉంది. ఆరు నాటకాలయ్యేసరికి ఐదు లాంతర్లు వచ్చాయి. అవన్నీ ఒకటే లాంతరు, గడ్డం సార్ అటక మీది నుంచి దింపింది. అన్నిటిలో ఎవరో ఒకరు కింద పడి గుండెలు బాదుకునేవారు. ముచ్చటలో చూసినవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ "బాగ కనెక్ట్ అయిన" అనేవారు. కరెంటు తీగకు కూడా ఇంత తొందరగా కనెక్షన్ ఇవ్వరు.

నేను నోట్ బుక్ తెరిచి లేచేదాన్ని. "లాంతరు వెలుగుల చదివిన అన్నవు కద బాబూ, మీది పోస్టాఫీసు వెనుక సందేనా?" అని గోనెసంచి పిల్లవాణ్ణి అడిగాను. అవునన్నాడు. "జనాభా లెక్కలకు మీ ఇంటికి వచ్చింది నేనే. నువ్వు అప్పటికి ఒకటో తరగతి. దీపానికి ఏం వాడుతరు అన్న గడిల కరెంటు అని నా చేతితోనే రాసిన. మీ అమ్మ ఫ్యాను కూడ ఏసింది." పిల్లవాడు లాంతరు వైపు చూశాడు. "అది ప్రతీక మేడం" అని గడ్డం సార్ అడ్డం వచ్చాడు. "ప్రతీకకు కరెంటు పోయిందా సార్?" అన్నాను. ఇంకొకతను వాళ్ళ నాయిన తను మూడో తరగతిలో ఉన్నప్పుడే బొంబాయి పోయి మళ్ళీ రాలేదన్నాడు. పావుగంట తర్వాత నాలుగో తరగతిలో ఆ నాయినే అతనికి ఈత నేర్పాడు. నేను ఊరుకుంటానా? అట్లా ప్రతి శుక్రవారం ఎవరి తప్పులు వాళ్ళకు అప్పజెప్పేదాన్ని. నేను లేస్తే పిల్లలు పైకప్పు వైపు చూసేవారు. అది గౌరవం అనుకున్నాను.

ఏడో శుక్రవారం కోస్గి పిల్లది. ఆమెది కోస్గి దగ్గరి ఊరు కాబట్టి అందరూ ఆ పేరే పిలిచేవారు. సన్నటి పిల్ల, ఎక్కువ మాట్లాడదు, హాస్టల్లో ఉండేది. ఆమె రంగం మీదికి ఒక స్టీలు పళ్ళెం పట్టుకుని వచ్చింది. (లాంతరు లేదు. నోట్ బుక్‌లో ఆ మాట రాసి కింద గీత కూడా గీశాను.) వాళ్ళమ్మ వాళ్ళ బడిలోనే మధ్యాహ్నం అన్నం వండేదట. పిల్లలంతా వరుసగా పళ్ళెం పట్టుకుని పోతే ఆమె వడ్డించేది. వంటామె బిడ్డ అని తోటి పిల్లలు నవ్వుతారని ఈ పిల్ల తన వంతు వచ్చినప్పుడు తల వంచుకుని, ఎవరో తెలియనట్టు, పళ్ళెం మాత్రం ముందుకు చాపేదట. ఆ మాటలు చెప్పి పళ్ళెం చాపి నిలబడింది. "ఆరు, ఏడు, ఎనిమిది. మూడేండ్లు. వెయ్యి దినాలు మా అమ్మ ముందట పళ్ళెం పట్టిన. ఒక్కనాడు మొఖం దిక్కు చూడలే."

హాలంతా ముందుకు వంగి చూస్తోంది. నాకూ బాగానే ఉంది, ఆ అంకె తప్ప. కాసేపటికి మళ్ళీ "వెయ్యి దినాలు" అంది. నేను పెన్ను గట్టిగా పట్టుకున్నాను. ఇరవై ఆరో నిమిషంలో మూడోసారి అంది. ముచ్చట దాకా ఆగాలని నాకు తెలుసు. ఆగలేకపోయాను.

"వెయ్యి కాదమ్మా," అని లేచాను. "బడి నడిచేది ఏడాదికి రెండు వందల ఇరవై దినాలు. మూడేండ్లకు ఆరు వందల అరవై. నీకు జ్వరమొచ్చిన దినాలు, మీ అమ్మ రాని దినాలు తీస్తే ఇంకా తక్కువ. వెయ్యి ఎట్లయితయి?"

ముందు ఎవరో ఒక్కరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వు నా మీదనో ఆ పిల్ల మీదనో నవ్వినవాళ్ళకు కూడా తెలియదనుకుంటాను. కోస్గి పిల్ల చాపిన పళ్ళెం అట్లాగే పట్టుకుని నా వైపు చూసింది.

"ఆరు వందలైతే తప్పు లేదా టీచర్?" అంది.

ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఆరు వందలు కూడా సరైన అంకె కాదు కదా అనుకున్నాను, అదే చెప్పబోయాను. ఆమె పళ్ళెం కింద పెట్టి పక్క తలుపు నుంచి వెళ్ళిపోయింది. మిగిలిన పద్నాలుగు నిమిషాలు ఖాళీ రంగాన్నే అందరూ చూశారు. దాంతో కూడా కనెక్ట్ అయినవాళ్ళు ఇద్దరు ఉన్నారు.

ఎనిమిదో శుక్రవారం ఆమె రాలేదు. గడ్డం సార్ నన్ను వరండాలోకి పిలిచాడు. మొదటిసారి ఆయన సూటిగా మాట్లాడాడు. "మేడం, ఆ పిల్ల వచ్చే శుక్రవారం కూడ రాకుంటే పేరు పోతది. హాస్టల్ ఖాళీ చేస్త అంటున్నదట."

"నేనేమన్న సార్? లెక్క చెప్పిన."

"లెక్కనే చెప్పిన్రు."

"తప్పు చెప్తే దిద్దొద్దా? రేపు ఇంకొకరు లక్ష దినాలంటరు. వచ్చే వారం నా నాటకం ఉంది కదా, నిజం ఎట్ల చెప్తరో మీరే చూడున్రి."

పైకి అట్లా అన్నాను గానీ ఆ వారం నాకు అన్నం సరిగ్గా దిగలేదు. బుధవారం నాడు హాస్టల్ నుంచి నంబర్ తీసుకుని ఆ పిల్లకు ఫోన్ చేశాను. సముదాయించే మాటలు నాకు రావు. ముప్ఫై ఆరేళ్ళలో ఎప్పుడూ అవసరం పడలేదు. "నేను లెక్కల టీచర్ని. నీకింక ఒక్క శుక్రవారమే మిగిలింది" అన్నాను.

"ఎన్ని నిమిషాలు మిగిలినయో గూడ చెప్పున్రి టీచర్, మల్ల తప్పయితది" అని పెట్టేసింది.

తొమ్మిదో శుక్రవారం వచ్చింది. నా నాటకంలో గోనెసంచి లేదు, నీళ్ళు లేవు. ఒక నల్లబల్ల, రెండు సుద్దముక్కలు, ఒక డస్టర్. సాక్ష్యం కోసం మా అక్కను దేవరకొండ పక్కనున్న మా ఊరి నుంచి ఉదయం బస్సుకు పిలిపించి మొదటి వరుస నడిమి కుర్చీలో కూర్చోబెట్టాను. అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. బడి మొఖం చూడలేదు. చదువంటే ఇష్టం లేదని మా ఇంట్లో అనేవారు, నేనూ అదే అనుకునేదాన్ని. నా బతుకులో ఒక్క ముక్క అబద్ధం లేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె ఉంటే మంచిదనుకున్నాను. నా తెలివికి ఇప్పుడు నాకే ముచ్చటేస్తుంది.

ఇక్కడ మా ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర వీధిలో భాగోతం ఆడితే చూసేవాళ్ళు నోరు మూసుకుని చూడరు. రాజు వేషం వేసినవాడు భార్యను అడవికి పంపుతానంటే ముందు వరుసలో ముసలమ్మ "నీ నోట్ల మన్నువడ, ఆమె ఏం తప్పు చేసిందిరా?" అని అడుగుతుంది. రాజు అక్కడ ఆగి, ఆమెకు జవాబు చెప్పి, ఆమె సరే అన్నాకే ముందుకు పోవాలి. జవాబు చెప్పలేని వేషగాణ్ణి మరుసటి ఏడు పిలవరు. అక్క చూసిన నాటకాలన్నీ అవే. యూనివర్సిటీలో ప్రేక్షకులు చీకట్లో మౌనంగా కూర్చోవాలని ఆమెకు చెప్పడం నేను మరిచిపోయాను.

నేను బల్ల ముందు నిలబడి మొదలుపెట్టాను. "ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా మా ఊరి నుంచి దేవరకొండ బడికి నడిచిన. పోను మూడు కిలోమీటర్లు, రాను మూడు. దారిల ఒక వాగు, పదిహేడు తుమ్మచెట్లు. నేనొక్కదాన్ని. రోజుకు ఆరు. ఏడాదికి రెండు వందల ఇరవై దినాలు, పదమూడు వందల ఇరవై కిలోమీటర్లు. ఆరేండ్లకు..." అని బల్ల మీద పెద్ద అక్షరాలతో 7920 అని వేశాను. "ఇంచుమించు మూడు మాట్లు కాశీకి పోయి వచ్చినంత. పది సంవత్సరాల ఆడపిల్ల. ఒక్కతే." ఈ 'ఒక్కతే' దగ్గర కొంచెం ఆగాలని పేపర్లో రాసుకున్నాను. ఆగాను.

"ఓ చెల్లె!" అంది అక్క మొదటి వరుస నుంచి. "ఒక్కదానివా? మరి నేనేడున్న?"

హాలు కదిలింది. వినపడనట్టు ముందుకు పోదామనుకున్నాను కానీ ఆమె కుర్చీ నుంచి లేచి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. జవాబు కావాలి ఆమెకు.

"నువ్వు ఇంటికాడ ఉన్నవక్కా."

"ఇంటికాడ ఎవలున్నరే? పెద్దది ఎంట బోతేనే చిన్నది బడికి పోవాలె అని నాయిన అనలేదా? వాగు దాటిచ్చింది ఎవలు? నీ సంచి మోసింది ఎవలు? గేటు కాడ నిన్ను దించి, ఇంటికొచ్చి గొడ్లకు నీళ్ళు పెట్టి, మల్ల పొద్దుగూకకముందే గేటు కాడికి ఉరుకొస్తుంటి. చెప్పులు కూడ నీకే ఉండె!"

"గది వానలప్పుడు రెండు మూడు దినాలక్కా..."

"ఏం రెండు మూడు? నా పెండ్లి అయ్యేదాంక! నీ ఏడో తరగతి ఒడిసేదాంక! గింతమందిల గిట్ల అబద్ధమాడుతవా? సిగ్గు లేదా నీకు?"

గోనెసంచి పిల్లవాడు ఎంత సంతోషంగా నవ్వాడో నేను రంగం మీది నుంచే చూశాను. గడ్డం సార్ కూడా నవ్వు గడ్డంలో దాచుకున్నాడు. నేను డస్టర్ తీశాను, మళ్ళీ పెట్టాను. అబద్ధం కాదని అరిచి చెప్పాలనిపించింది. కానీ అప్పుడే ఆ దారి నా కళ్ళ ముందుకు వచ్చింది. తుమ్మచెట్లు పదిహేడూ వచ్చాయి. నాకు పది అడుగుల ముందు నూనె పెట్టిన ఒక జడ, భుజానికి నా సంచి, వేడి మట్టి మీద గబగబా పడే ఉత్తి కాళ్ళు. అన్నీ ఉన్నాయి. ఇన్నేళ్ళూ అవి దారిలో భాగమనుకున్నాను. చెట్లను లెక్కపెట్టిన మనిషికి అక్క కనపడలేదు.

వెనుక వరుస నుంచి సన్నటి గొంతు వచ్చింది. "టీచర్, అక్క లెక్క గూడ ఎయ్యున్రి."

కోస్గి పిల్ల. ఎప్పుడు వచ్చిందో తెలియదు, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేను బల్ల వైపు తిరిగాను. మూడు కిలోమీటర్లు, రోజుకు నాలుగు మాట్లు, పన్నెండు. రెండు వందల ఇరవై దినాలకు రెండు వేల ఆరు వందల నలభై. మూడేండ్లు. గుణిస్తే ఏడు వేల తొమ్మిది వందల ఇరవై వచ్చింది. నమ్మకం కుదరక పక్కన మళ్ళీ వేశాను. అదే వచ్చింది. నేను ఆరేళ్ళలో నడిచిన దూరం ఆమె మూడేళ్ళలో నడిచింది, చెప్పులు లేకుండా, లోపలికి ఒక్క అడుగు పెట్టని బడికి. రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నా నలభై నిమిషాల్లో ఇంకా పద్దెనిమిది మిగిలే ఉన్నాయి గానీ సుద్దముక్క కింద పెట్టేశాను.

అక్కకు అంకెలు రావు. "ఏమొచ్చింది చెల్లె?" అని అడిగింది.

"ఇద్దరికి ఒక్కటే వచ్చిందక్కా."

"మంచిగైంది. ఇగ దిగి కూసో, మోకాలు నొస్తది."

చప్పట్లు కొట్టారు. తొమ్మిది శుక్రవారాల్లో అంత గట్టి చప్పట్లు ఎవరికీ రాలేదు, అవి ఎవరికో నాకు బాగా తెలుసు. అక్క చుట్టూ చూసి, భాగోతం మేళం వాళ్ళకు పెట్టినట్టు అందరికీ దండం పెట్టి కూర్చుంది. ముచ్చటలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. తప్పులు పట్టడానికి వాళ్ళకు నా అంత శ్రద్ధ లేదు.

బయట కుళాయి దగ్గర సుద్ద చేతులు కడుక్కుంటుంటే కోస్గి పిల్ల వచ్చి నిలబడింది. అటెండెన్సులో సంతకం పెట్టావా అని అడిగాను. పెట్టానంది.

"ఎందుకొచ్చినవ్ మరి?"

"మీరేడ తప్పు చెప్తరో చూద్దామని."

"నా గుణకారం తప్పు కాదు."

"గుణకారం మంచిగనే ఉంది టీచర్. ఒకామెనే వెయ్యలే."

"నీది కూడ వెయ్యి కాదు," అన్నాను. "కానీ నడుమల లేవొద్దుండె నేను. మిగిలిన పద్నాలుగు నిమిషాలు ఆడు. సార్‌ను నేనడుగుత."

"పద్నాలుగు నిమిషాలు ఎట్ల ఆడుతరు టీచర్? మొత్తం ఆడుత. కానీ మా అమ్మ వేషం మీరు వెయ్యాలె."

"మీ అమ్మ లేదు కద నాటకంల."

"ఇప్పుడు పెడుత. గరిటె పట్టుకొని నిలవడాలె. మాట ఒక్కటి కూడ ఉండది."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆ పిల్ల కళ్ళలో ఎంత ఆనందం ఉందో చెప్పలేను. నేను ఒప్పుకున్నాను. వేరే దారి లేదు.

అట్లా పదో శుక్రవారం ఒకటి పుట్టింది. అక్క మళ్ళీ బస్సెక్కి వచ్చింది, ఈసారి పిలవకుండానే. నేను కొంగు నడుముకు చెక్కి, ముందు ఒక పెద్ద వంట డేగిసా పెట్టుకుని, గరిటె పట్టుకుని నిలబడ్డాను. కోస్గి పిల్ల తన కథ మొదటి నుంచి చెప్పింది. మధ్య మధ్యలో తల వంచుకుని వచ్చి నా ముందు పళ్ళెం చాపేది. నేను వడ్డించినట్టు చెయ్యాలి, అంతే. అక్కడ నిలబడితే ఎదుటి పిల్ల మొఖం కనపడదు. పాపిట మాత్రం కనపడుతుంది. తిన్నగా తీసిన చిన్న పాపిట, వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది. ఇది కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు తెలిసే సంగతి కాదు. పెన్ను పట్టుకుని కూర్చున్నవాళ్ళకు అసలే తెలియదు.

ఇరవై ఆరో నిమిషం దగ్గర పడింది. కోస్గి పిల్ల పళ్ళెం చాపి, ఆగి, తల కొంచెం పైకెత్తి, నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. "రెండు వేల దినాలు."

హాలులో ఉన్న ప్రతి తలా నా వైపు తిరిగింది. గడ్డం సార్ గడ్డం పట్టుకున్నాడు. గరిటె డేగిసా అంచుకు తగిలి టంగుమంది. రెండు వేలట! పోయినసారి వెయ్యే కదా, మూడు వారాల్లో రెట్టింపు ఎట్లయింది? నాలుక మీదికి వచ్చిన దాన్ని మింగాను. మింగి, వంగి, ఆమె పళ్ళెంలో లేని పప్పు వడ్డించాను. ఆ పిల్ల ఇంకొక క్షణం చూసి, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుని, తల వంచుకుని వెళ్ళిపోయింది. నలభై నిమిషాలూ నేను నోరు తెరవలేదు. నా ఉద్యోగంలో అట్లాంటి పీరియడ్ ఒకటి కూడా లేదు.

అయిపోయాక ముచ్చటకు అందరం కూర్చుంటుంటే కోస్గి పిల్ల ఒకామెను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. "మా అమ్మ టీచర్" అంది. పొట్టి మనిషి, చేతి మీద పాత కాలిన మచ్చలు. వెనుక వరుసలో కూర్చుని మొత్తం చూసిందట. నన్ను పైనుంచి కిందికి చూసి, మొహమాటంగా, కానీ ఆగలేనట్టు అంది. "టీచరమ్మా, ఏమనుకోకున్రి. గరిటె గట్ల పట్టరు."

"మరి ఎట్ల పట్టాలె?"

ఆమె నా చేతిలోని గరిటె తీసుకుని డేగిసాలో నిలువుగా దింపింది. "మీరు మీదికెల్లి ముంచిన్రు. మీదికెల్లి ముంచితే నీళ్ళే వస్తయి. పిలగాండ్లకు పలుచగ పోతది. గిట్ల అడుక్కు దించి, తిప్పి, గప్పుడు లేపాలె. పప్పు అడుగునుంటది గదా." ఒక క్షణం ఆగి, బిడ్డ వైపు చూడకుండా అంది. "దీనికి రోజు అడుక్కెల్లి తీసే పోస్తుంటి."

కోస్గి పిల్ల ఆమె వైపు తిరిగింది. "నాకు తెల్వదమ్మా."

"నువ్వు తలకాయ లేపితె గదా తెలిసేది. మంచిదే అయింది తియ్యి. పక్క పిలగాండ్లు చూస్తే లొల్లి అయితుండె."

మరి మిగతా పిల్లలకు పలుచగా పోయినట్టే కదా, అని నేను నోరు తెరిచాను. అక్క నా మోచేయి మీద గట్టిగా గిల్లింది. మూసుకున్నాను. కోస్గి పిల్ల వాళ్ళమ్మ మొఖం వైపు చూస్తూ నిలబడింది, ఎంతసేపు నిలబడిందో నేను గడియారం చూడలేదు.

ఆ పిల్లకు సర్టిఫికెట్ వచ్చింది. తర్వాతి ఏళ్ళలో చేరిన పిల్లల నాటకాలు కూడా కొన్ని చూశాను. సొంత కథల సంగతిలో నా అభిప్రాయం ఏమీ మారలేదు, ఇప్పటికీ పదింట్లో ఏడు నాటకాలు నిలువవు, అందరికీ ఎవరో ఒకరు చావాలి, ఎవరో ఒకరు నీళ్ళు పోసుకోవాలి. నాకు ఓపిక ఉన్నన్నాళ్ళు ఈ మాట అంటూనే ఉంటాను. అక్కకు ఇప్పుడు డెబ్బై దాటింది. మా ఇంటికి వస్తే నేనే బస్టాండుకు ఎదురుపోయి సంచి తీసుకుంటాను. "నాకు చేతుల్లేవానే?" అని కసురుతుంది, ఇవ్వదు, ఇద్దరం చెరో పిడి పట్టుకుని నడుస్తాం.

గడ్డం సార్ ఆ పదో శుక్రవారం తీసిన ఫోటో ఒకటి నాకు పంపాడు. దాన్ని హాల్లో గోడకు పెట్టాను. వచ్చినవాళ్ళు "ఇదెవరు, మీరేనా?" అని అడుగుతారు. కొంగు చెక్కుకుని, డేగిసా ముందు నిలబడి, తప్పుగా గరిటె పట్టుకుని, ప్రపంచం మీద పడ్డా పెదవి విప్పనన్నట్టు మూతి బిగించుకున్న ఆ మనిషిని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పాపం, యాభై తొమ్మిదేళ్ళకే అంత పెద్ద పని మీద వేసుకుంది. ఇంకా పిల్లదే కదా.